ఎవ్వరూ సప్పుడు చేయొద్దు

"తాతా, నేను పోలాండ్‌కు పోత" అన్నది కావ్య.

"పొలంకు పోతవా? పో బిడ్డా, పో. ఎండ గాకముందే పో" అన్నాడు మా నాయిన. అని ఊరుకోలేదు. అరుగు మీది నుంచి లేచి, దండెం మీది తువ్వాల లాగి ఆ పిల్ల నెత్తికి చుట్టాడు. వంటింటి వైపు తిరిగి "ఓ వనజా, బిడ్డ పొలంకు పోతదంట. సద్ది కట్టు" అని కేకేశాడు.

"కాదు తాతా. పోలాండ్. సదువుకుంటందుకు."

"సదువుకున్నోళ్ళు పొలంకు పోవద్దని ఎవడన్నడు? నువ్వు పో."

మా నాయిన పేరు బక్కయ్య. మనిషీ బక్కయ్యే. చెవులు మాత్రం దొడ్డవి, కానీ పనిచేయవు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే సగం వింటాడు, మిగిలిన సగం తనే కల్పించుకుంటాడు. ఆ పొద్దు ఆయన కల్పించుకున్న సగం మధ్యాహ్నానికల్లా ఊరంతా తిరిగొచ్చింది. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివే బక్కయ్య మనుమరాలు చదువు చాలించి పొలం పనికి దిగుతోందని ఒక వీధి, కాదు పొలాల ఆఫీసులో నౌకరి దొరికిందని ఇంకో వీధి. మాది ధరూర్ మండలం, కృష్ణ పక్క. ఇక్కడ కాలువకు నీళ్ళు ఆలస్యంగా వస్తాయేమో గాని వార్తలు ఆలస్యం కావు.

నేను ఆ పిల్లకు చిన్నాయినను, భాస్కర్‌ను. గద్వాలలో ఫొటో స్టూడియో, దాని పక్కనే జిరాక్స్ మెషీన్. కావ్య తండ్రి, అంటే మా అన్న సుదర్శన్, మాట్లాడడు. మూగవాడు కాదు, మాట్లాడడు, అంతే. అన్నదమ్ములిద్దరికీ కలిపి దేవుడిచ్చిన మాటలన్నీ చిన్నోడే మింగేసిండని మా వనజ వదిన అంటుంది. నేను కాదనను. మింగినవాడిని కాబట్టే ఎప్పుడూ కక్కుతుంటాను.

ఆ ఎండాకాలం హాస్టల్ మూసేశారు. మా ఊళ్ళో నెట్ కావాలంటే మిద్దెక్కాలి, మిద్దె మీద ఎండ మోయాలి. అందుకని కావ్య రోజూ నా బండి వెనక కూర్చుని గద్వాలకు వచ్చేది. స్టూడియోలో నీలం పరదా ముందు గిరాకీలు ఫొటోకు కూర్చునే స్టూలు మీద కూర్చుని నా కంప్యూటర్లో దేశాలు వెతికేది. ఎవరన్నా పాస్‌పోర్టు సైజు ఫొటోకు వస్తే లేచి గోడకు ఆనుకునేది, వాళ్ళు పోగానే మళ్ళీ కూర్చునేది. పాస్‌పోర్టు సైజు ఫొటోలు దిగేవాళ్ళెవరికీ మా దగ్గర పాస్‌పోర్టులు ఉండవు. బ్యాంకు కోసం, పింఛను కోసం దిగుతారు. నిజంగా పాస్‌పోర్టు కోసం నేను తీసిన మొదటి ఫొటో కావ్యదే. నవ్వమన్నాను. పాస్‌పోర్టుకు నవ్వొద్దు చిన్నాయినా అన్నది.

ఆమెకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. పల్లికాయకు పట్టే బూజు గురించి చదవాలి. యాసంగిలో మా పల్లి మార్కెట్‌కు పోయినప్పుడు వ్యాపారి సంచిలో చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి, వాసన చూసి, సంచిని పక్కకు జరిపాడు. మా అన్న ఎందుకని అడగలేదు. సంచులన్నీ మళ్ళీ ట్రాక్టర్‌కు ఎక్కించుకొచ్చాడు. ఆ పక్కకు జరిపిన సంచిలో నుంచి కావ్య గుప్పెడు కాయలు డబ్బాలో వేసుకుని యూనివర్సిటీకి పట్టుకుపోయింది. అక్కడ ఆ బూజును చూడటానికి ఉన్న మైక్రోస్కోపుకే బూజు పట్టిందట. ఇది నేను కల్పించిన జోకు కాదు. కావ్య చెప్పింది, నవ్వకుండా చెప్పింది.

"స్కాలర్‌షిప్ అనే మాటల స్కాలర్ మనకాడ ఉంది. షిప్పే లేదు" అన్నాను ఒక రోజు.

"చిన్నాయినా, జర సప్పుడు జేయకు. చదువుతున్న."

సప్పుడు చేయకుండా ఉండటం నాకు చేతకాదు. ఆమె ఒక్కో దేశం తెరుస్తుంటే నేను ఒక్కో దేశం మూస్తుండేవాడిని. జర్మనీలో ఫీజు లేదట గాని ఏడాది తిండి పైసలు ముందే ఖాతాలో చూపించాలట. "జర్మనీ అంటే జర మనీ అనుకుంటిమి బిడ్డా, మస్తు మనీ" అన్నాను. ఇటలీ వాళ్ళ గడువు మొన్ననే అయిపోయిందట. "ఇటలీ ఇటు లేదు, అటు లేదు." హంగరీ వాళ్ళకు దరఖాస్తు ఢిల్లీ మీదుగా పోవాలట, దాని గడువు ఎప్పుడో పోయిందట. "హంగరీకి మన ఆకలి తెల్వలే." ఆమె పెదవి కొస కొద్దిగా కదిలేది. ఆ కదలిక కోసమే నేను దేశాలన్నిటినీ అన్నేసి మాటలన్నాను. దేశాలకు ఏమీ కాలేదు.

హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీకి ఫోన్ చేశాం. అవతలి అమ్మాయి గొంతు పాయసంలా ఉంది.

"మేడమ్, స్కాలర్‌షిప్ కొంచెం కష్టం మేడమ్. లోన్ అయితే ఈజీ. మీ ఫాదర్ పేరు మీద ల్యాండ్ ఉందా మేడమ్?"

కావ్య ఫోను పెట్టేసింది. మళ్ళీ మళ్ళీ ఆ పాయసం ఫోన్ చేస్తే నేనే ఎత్తి "మాకు వీసా సంగతి వీసమెత్తు తెల్వదు తల్లీ, రాంగ్ నంబర్" అన్నాను.

భూమి పెట్టి పోవడం కావ్యకు ఇష్టం లేదు. మా అన్నను అడిగితే పెట్టేవాడేమో. అడగకూడదని ఆమె ముందే నిర్ణయించుకుంది. చదువూ తిండీ టికెటూ మొత్తం వాళ్ళే ఇస్తే పోవడం, లేకపోతే లేదు. అటువంటిది వెతగ్గా వెతగ్గా పోలాండ్‌లో ఒకటి దొరికింది. తిండి గింజలకు పట్టే బూజుల మీద రెండేండ్ల చదువు. మన వైపు దేశాలన్నిటికీ కలిపి ఒక్క సీటు.

"ఒక్కటేనా?" అన్నాను.

"నాకు ఎన్ని గావాలె చిన్నాయినా? ఒక్కటే గద" అన్నది.

అట్లా నన్ను ఆపగలిగేది ఆ పిల్ల ఒక్కతే.

ఇక మొదలైంది. ఎస్‌ఓపీ రాయాలట. "సోపా? సబ్బు రుద్దాల్నా?" అంటే, ఎందుకు చదవాలనుకుంటున్నావో రాసే కాగితమట. మార్కెట్లో సంచిని పక్కకు జరిపిన సంగతి రాయమన్నాను నేను. అది రాయడానికి ఆమెకు సిగ్గేసింది. ఇంటర్నెట్‌లో చూసి ఏదేదో నురగ రాసింది, కొట్టేసింది. మళ్ళీ రాసింది, కొట్టేసింది. చివరికి సంచి సంగతే రాసింది. తర్వాత చదువు చెప్పిన సారు సిఫారసు ఉత్తరం కావాలన్నారు. సిఫారసు అనగానే మా వదిన లేచి కొంగు సర్దుకుంది. "మన లీడర్ దగ్గర లెటర్ తీసుకొస్త. తిరుపతి దర్శనంకు ఇచ్చిండు, దవాఖానకు ఇచ్చిండు, పోలాండుకు ఇయ్యడా?" అన్నది. ఇది ఆ సిఫారసు కాదని కావ్య చెప్పింది. "మరి లీడర్ సంతకం లేకుంట సీటెట్ల ఇస్తరు?" అని ఆమెకు చివరిదాకా అనుమానమే. శ్రీరంగాపూర్ రంగనాయకస్వామికి మాత్రం మొక్కుకుంది. ఆయన లెటర్‌హెడ్ అడగడు.

సారు మంచివాడే. "నువ్వే రాసుకొని రామ్మా, సంతకం పెడతా" అన్నాడు. కానీ అది పెళ్ళిళ్ళ కాలం, సారుకు చుట్టాలెక్కువ. ఎప్పుడు ఫోన్ చేసినా బాజాల మధ్య నుంచి "ఇప్పుడు కాదమ్మా" వినిపించేది. గడువు ముంచుకొస్తోంది. ఆఖరికి వనపర్తిలో ఒక ఫంక్షన్ హాల్లో ఉన్నాడని తెలిసి నేనూ కావ్యా బండి మీద పోయాం. పిలవని పెళ్ళికి పోయి, వధూవరుల మీద అక్షింతలు కూడా వేసి, బఫే వరుసలో సారును పట్టుకున్నాం.

"ఈడనా?" అన్నాడు సారు, ఒక చేతిలో పళ్ళెం, ఇంకో చేతిలో గరిటె.

"ఈడనే సార్. రేపే ఆఖరు" అన్నది కావ్య.

పెట్టుకుని రాయడానికి బల్ల లేదు. నేను వంగాను. సారు గరిటె దించి, చెయ్యి టిష్యూకు తుడుచుకుని, కాగితాన్ని నా వీపు మీద పరిచి సంతకం చేశాడు.

"చదువుకు వెన్నుదన్ను అంటే ఇదే సార్" అన్నాను, వంగే ఉండి. సారు నవ్వాడు. పులిహోర తినిపోండన్నాడు. కాగితం మూలకు పసుపు అంటింది. స్కాన్ చేసినప్పుడు అది పోలేదు. మంచిదేలే, శుభం అనుకున్నాం. అనుకోక చేసేదేముంది?

మే నెలలో మెయిలొచ్చింది. ఇంటర్వ్యూకు పిలిచారు. వీడియోలో మాట్లాడాలి. కావ్య స్నేహితురాలు రోజా వాళ్ళది నాగర్‌కర్నూల్. వాళ్ళింట్లో తీగ నెట్టు, తలుపులేస్తే బయటి చప్పుడు రాని గది. ముందురోజే పోయి అక్కడ పడుకుని, పొద్దున్నే తయారై మాట్లాడాలని ఏర్పాటు. రోజా వాళ్ళమ్మ రూతమ్మ, ఆ రోజు ఇంట్లో కుక్కర్ కూడా పెట్టనని మాటిచ్చింది.

బయల్దేరాల్సిన రోజు పొద్దున ఇంకో మెయిలొచ్చింది. ఈ రోజు మాట్లాడాల్సిన వేరే దేశం అమ్మాయి రాలేకపోతోంది, మీరు ఆ సమయానికి ఈ మధ్యాహ్నమే మాట్లాడగలరా అని అడిగారు. వీలు కాకపోతే రేపే అని కూడా రాశారు. కానీ అడిగిన మొదటి కోరికకే కాదంటే ఏమనుకుంటారో అని కావ్య భయపడింది. సరేనని రాసి, పంపి, ఆ తర్వాత మాకు చెప్పింది. నాగర్‌కర్నూల్ చేరే టైము లేదు. గద్వాల స్టూడియోకు ఎదురుగా పెళ్ళి బ్యాండు వాళ్ళ కొట్టు. మిగిలింది మా మిద్దె మీది గది.

ఇల్లంతా లేచింది. నేను స్టూడియో నుంచి నీలం పరదా, లైటు, పాత లాప్‌టాప్ తెచ్చి గదిలో కట్టాను. నా ఫోనుకు సిగ్నల్ కిటికీ బయట చెయ్యి పెడితేనే వస్తుంది. కాబట్టి ఇంటర్వ్యూ అయ్యేదాకా నేను కిటికీ పక్కన గోడకు అతుక్కుని, చెయ్యి బయటపెట్టి ఫోను పట్టుకుని నిలబడాలి. చెయ్యి కదిలితే నెట్టు పోతుంది. ఊళ్ళో టవర్ కావాలని ధర్నా చేసిన మనిషిని, ఆఖరికి నేనే టవర్ అయ్యాను.

అన్న వీధి మొదట్లో నిలబడ్డాడు, ఆటోలనూ కూరగాయల బండినీ అటే మళ్ళించడానికి. వదిన కోళ్ళను గంప కింద మూసి, తన ఫోను నాకిచ్చి, మెట్ల కింద కూర్చుంది. నాయిన అరుగు మీద కూర్చుని అందరినీ చూస్తున్నాడు. ఏందని చేత్తో అడిగాడు. వదిన పైకి చూపించి, ఫోను గుర్తు చూపించి, మూతి మీద వేలు పెట్టింది. నాయిన తలాడించాడు. కాసేపటికి కర్ర పట్టుకుని ఎండలోకి పోయాడు. ఎవరం పట్టించుకోలేదు.

తెర మీద ముగ్గురు కనిపించారు. ఒక తెల్లగడ్డపు ఆయన, ఒక కళ్ళద్దాల ఆమె, ఒక పడుచువాడు. కావ్య నమస్కారం పెట్టింది. మీ గురించి చెప్పండి అన్నారు. స్టూడియో అద్దం ముందు నాకు వినిపించి వినిపించి సాధన చేసిన ఇంగ్లీషు అది. మెల్లగా, తప్పు లేకుండా మొదలుపెట్టింది. బయట ఊరు కూడా అద్భుతంగా ఉంది. ఆకు కూడా కదలడం లేదు.

టక్. టక్. టక్.

పంచాయతీ మైకు. దాని గొట్టం మా ఇంటికి ఎదురుగా కరెంటు స్తంభానికి, సరిగ్గా మిద్దె ఎత్తున, మా కిటికీ వైపే నోరు తెరుచుకుని ఉంటుంది.

"అలో, అలో. గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా... మన బక్కయ్య తాత మనుమరాలు కావ్య గారు ఇప్పుడు పెద్ద సార్లతోటి మాట్లాడుతున్నరు. కావున ఎవ్వరు సప్పుడు చేయవద్దు. పిల్లలు ఆడవద్దు. బోర్లు బంద్ పెట్టుకోగలరు. కుక్కలను అదిలించవద్దు. ఇట్లు, గ్రామ పంచాయతీ."

పంచాయతీలో మైకు చెప్పే మాసయ్య గొంతు అది. ఇంటిపన్ను కట్టమన్నా, చుక్కల మందు వేయించమన్నా ఆ గొంతే. పక్క ఊరికి కూడా వినిపిస్తుంది.

తెల్లగడ్డపు ఆయన చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసేశాడు. కళ్ళద్దాల ఆమె ముందుకు వంగి, ఏమైంది, ఏదన్నా ప్రమాదమా అని ఇంగ్లీషులో అడిగింది.

"లేదండీ. నా ఇంటర్వ్యూ కోసం ఎవరూ చప్పుడు చేయొద్దని ఊరికి చెప్తున్నారు" అన్నది కావ్య.

ముగ్గురూ నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు, మంచి నవ్వు. నాకు ప్రాణం లేచొచ్చింది. కళ్ళద్దాల ఆమె ఏదో రాసుకుంది. సరే, కాయ భూమిలో ఉండగానే బూజు పడుతుందా, కోసిన తర్వాతనా అని అడగబోయింది. అంతలో మైకులో ఇంకో గొంతు, దూరం నుంచి:

"మాసయ్యా, చెప్పినవా? నాకు ఇనపడలే. మల్ల చెప్పు."

మా నాయిన.

"చెప్పిన తాతా."

"ఆఁ?"

"చెప్పిన అంటున్న!"

"ఇనపడలే అంటున్న. గట్టిగ చెప్పు."

"గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా..."

నేను కదల్లేను. కదిలితే మైకు ఆగుతుందో లేదో గాని ఇంటర్వ్యూ మాత్రం ఆగుతుంది. రెండో చేత్తో వదిన ఫోను తీసి మాసయ్యకు చేశాను. వెంటనే ఎదురుగా గొట్టంలో నుంచి మాసయ్య రింగ్‌టోను, ఒక యేసు పాట, తబలాతో సహా ఊరంతా మోగింది. "అలో, మైకుల ఉన్న, మల్ల జేస్త" అని మాసయ్య నాకూ, ఊరికీ, పోలాండుకూ కలిపి చెప్పి కట్ చేశాడు.

కింద వదిన బయటికి ఉరికింది. "ఓ మాసయ్యా, ఆపు! ఆపు!" అని అరుస్తూ పోతుంటే ప్రతి గడపలోనూ జనం మూతి మీద వేలు పెట్టుకుని నిలబడ్డారు. "సప్పుడు జేయకు వనజక్కా! నీ బిడ్డదే పరీక్ష, నువ్వే ఒర్లుతవేంది?" అని పక్కింటి యాదమ్మ గుసగుసగా కోప్పడి వదిన రెక్క పట్టుకుని ఆపింది. ఊరంతా నోరు మూసుకుంది. నోరు తెరిచింది మైకొక్కటే.

కావ్య "క్షమించండి, ప్రశ్న మళ్ళీ చెప్తారా" అన్నది. కళ్ళద్దాల ఆమె మళ్ళీ చెప్పింది. ఆ చెప్పడం మీద బోర్లు బంద్ పెట్టుకోగలరు వచ్చి పడింది. కావ్య తనకు వినిపించిన ముక్కలను బట్టి ఏదో జవాబు మొదలుపెట్టింది. అది అడిగిన ప్రశ్నకు కాదని వాళ్ళ ముఖాలు చూస్తే నాకే తెలిసింది. కాయ లోపలి బూజు గురించి ఆ పిల్లకు తెలిసినంత ఆ ముగ్గురికీ తెలుసో లేదో. తెలిసి ఏం లాభం? మూడోసారి "గ్రామ ప్రజలకు" మొదలయ్యేసరికి కళ్ళద్దాల ఆమె నవ్వుతూనే ఉంది గాని కళ్ళు మాత్రం గడియారం వైపు పోయాయి.

మధ్యలో మైకు తెగిపోయింది. అన్న వీధి మొదలు నుంచి పంచాయతీ దాకా ఎండలో ఉరికి, మాసయ్యతో ఏమీ అనకుండా, మీట నొక్కేసి, నాయిన చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడట. తర్వాత వదిన చెప్పింది. అప్పటికి తెర మీద పడుచువాడు, మీ సమయానికి కృతజ్ఞతలు, తర్వాతి అభ్యర్థి ఎదురుచూస్తున్నారు, త్వరలో తెలియజేస్తాం అంటున్నాడు.

తెర నల్లబడింది. నేను చెయ్యి లోపలికి తీసుకున్నాను. బిగుసుకుపోయింది. నీలం పరదాకు గుచ్చిన పిన్నులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది కావ్య. నేనూ ఒక పక్క నుంచి తీశాను.

కిందికి దిగేసరికి నాయిన అరుగు మీద ఉన్నాడు. ఎండకు ముఖం కందిపోయి, చొక్కా తడిసి, సంతోషంగా ఉన్నాడు.

"ఏం బిడ్డా, ఊర్ల సప్పుడైందా?"

వదిన అటు తిరిగింది. కావ్య ఆయన పక్కన కూర్చుని చెవి దగ్గర నోరు పెట్టింది.

"లేదు తాతా. ఈగ వాలితె సుత ఇనపడేటట్టు ఉండె."

"ఆఁ. నేనే పోయి చెప్పించిన" అన్నాడు నాయిన. గుండె మీద చెయ్యి పెట్టి చూపించుకున్నాడు.

ఇక ఎదురుచూపు. త్వరలో అన్నారు. వాళ్ళ త్వర వేరు, మన త్వర వేరు. కావ్య రోజుకు ఎన్నిసార్లు మెయిల్ తెరిచేదో లెక్క లేదు. మైకు వల్ల పోతుందని ఒకసారి, ఆ మంచి నవ్వు వల్లే వస్తుందని ఇంకోసారి అనుకునేవాళ్ళం. నేను మాత్రం పైకి "పోలాండ్ పోలే, ఇంకా ఉంది" అని జోకులేస్తుండేవాడిని. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. అన్న ఒకసారి నా వైపు చూశాడు. ఆ చూపు ముందు నా మాటలన్నీ చిల్లరైపోయాయి.

ఊళ్ళో మాత్రం అందరూ అడిగేవాళ్ళు. మైకులో చెప్పిన సంగతి కదా, అందరికీ హక్కుంది. "పొలాల ఆఫీసు నౌకరి ఏమాయె?" అని ఒకరు. "మా పాసుబుక్కుల పేరు తప్పు పడ్డది, నీ బిడ్డ చెప్తే సరిజేస్తరా?" అని అన్న దగ్గరికి ఇంకొకరు. "టీవీల ఎప్పుడొస్తవు?" అని పిల్లలు. కావ్య అందరికీ తలాడించేది. ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలో ఆమెకూ తెలియలేదు.

మిరుగు కార్తె తొలి చినుకులు పడ్డాయి. పత్తి గింజ పెట్టడానికి అందరం చేనుకు పోయాం. నేను కూడా స్టూడియో మూసి పోయాను. కావ్య సాలు వెంట గింజలేస్తూ ముందుకు పోతూ, చేను చివర గట్టు మీద నిలబడి ఫోను తీసి చూసింది. అక్కడ సిగ్నల్ వస్తుంది. చాలాసేపు చూసింది. ఫోను జాకెట్లో పెట్టుకుని, వంగి, ఇంకో సాలు పట్టుకుని గింజలేస్తూ వెనక్కి వచ్చింది. మా దగ్గరికి వచ్చేదాకా ఆగలేదు, తొందరపడలేదు.

"రాలే" అన్నది.

ఎందుకు రాలేదో రాయలేదు. దరఖాస్తు చాలా బాగుందట, ఈసారి వేరేవాళ్ళను ఎంపిక చేశారట, మీ భవిష్యత్తు బాగుండాలట. మైకు వల్లనా, పసుపు మరక వల్లనా, నిజంగానే ఇంకెవరో ఈమె కంటే గట్టివాళ్ళు ఉన్నారా? అడగడానికి ఎవరూ లేరు. జవాబు రాయవద్దని ఆ మెయిల్ కిందే రాసి ఉంది. మా అన్న తన సంచిలో నుంచి గుప్పెడు గింజలు తీసి కావ్య ఒడిలో పోశాడు. ఆమె దగ్గర అప్పటికే అయిపోయాయి.

సాయంత్రం అరుగు మీద నాయిన అడిగాడు.

"బిడ్డా, ఆ పొలం సంగతి ఏమాయె? సార్లు ఏమన్నరు?"

కావ్య ఆయన చెవికి దగ్గరగా జరిగింది.

"పొలం కాదు తాతా. పోలాండ్. అదొక దేశం."

"దేశమా?"

"దేశం. మస్తు దూరం. ఆడ పల్లికి పట్టే బూజు సదువు చెప్తరు. గదానికి అడిగిన. ఆ రోజు మాట్లాడింది గదానికే."

నాయిన ఆమె ముఖంలోకి చూశాడు. ఎండాకాలమంతా ఆయన ఈ పిల్లను పొలానికే పంపుతూ ఉన్నాడు.

"మరి ఇచ్చిండ్రా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ జవాబు వినడానికి చెవులు అక్కర్లేదు.

నాయిన లేచి కర్ర తీసుకున్నాడు. "నడువు. ఊరికి చెప్పాలె."

"ఎందుకు తాతా, వద్దు."

"ఊరంత నీ కొరకు నోరు మూసుకొని కూసుంది గద. ఏమైందో చెప్పకుంటె తప్పు."

వదిన వద్దన్నది. నేనూ వద్దన్నాను. అన్న చెప్పులేసుకున్నాడు. కావ్య అందరినీ ఒకసారి చూసి తాత చెయ్యి పట్టుకుని నడిచింది. వెనకాల మేం.

పంచాయతీలో మాసయ్య తాళం వేయబోతున్నాడు. మమ్మల్ని చూసి ఆగాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఆ రోజు మైకు... లోపలికి గిట ఇనపడిందా?"

మెట్ల మీద నాయిన నిలబడి మా ఇద్దరినీ చూస్తున్నాడు. వినపడదని తెలిసినా ఆయన ముందు ఆ మాట అనలేకపోయాను.

"లేదు మాసయ్యా. గాలి అటు మల్లింది" అన్నాను.

మాసయ్య నా ముఖం చూసి తల దించుకున్నాడు. లోపలికి పోయి మైకు ఆన్ చేసి, ఏమనుకున్నాడో, చప్పుడు మీట బాగా తగ్గించి కావ్య చేతికిచ్చాడు.

"నేను బక్కయ్య మనుమరాల్ని, కావ్యను" అన్నదామె. "అందరు అడుగుతున్నరని చెప్తున్న. నాకు పొలాల ఆఫీసుల నౌకరి రాలే. పాసుబుక్కుల సంగతి నాకు తెల్వదు. టీవీల రాను. పోలాండ్ అని ఒక దేశం ఉంది. పొలం కాదు. మా తాతకు పొలం అని ఇనపడ్డది, గంతే. ఆ దేశంల సదువుకు అడిగిన. ఆ రోజు మాట్లాడింది వాళ్ళతోటే. మీరందరు సప్పుడు చేయకుంట ఉన్నరు. పిల్లలు ఆడలే. బోర్లు బంద్ పెట్టిండ్రు. ఎవ్వరివల్ల ఏం కాలే. నాకు సీటు రాలే."

బయట వీధిలో, గడపల్లో, జనం నిలబడి వింటున్నారు. యాదమ్మ మూతి మీద కొంగు పెట్టుకుంది. తగ్గించిన మైకు చిన్నగా, ఇంట్లో మనిషి మాట్లాడినట్టు పలికింది.

నాయిన గోడకు కర్ర ఆనించి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు.

"ఇనపడలే బిడ్డా. మల్ల చెప్పు. గట్టిగ."

కావ్య మాసయ్య వైపు చూసింది. మాసయ్య నా వైపు చూశాడు. అన్ని మాటలు మింగినవాడిని, నాకు ఒక్కటీ రాలేదు. మాసయ్య వంగి మీటను మొత్తం పైకి తిప్పాడు. అవతల మా ఇంటి ఎదుటి స్తంభం మీద గొట్టం ఒకసారి కీచుమన్నది.

కావ్య మైకును నోటికి దగ్గరగా పట్టుకుంది.

"నాకు సీటు రాలే" అని గట్టిగా చెప్పింది.